ఇల్లు తాకట్టు పెట్టి చదివించిన తండ్రి: సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్

ప్రతి విద్యాసంవత్సరం ఆరంభంలోను కళాశాల కార్యాలయం ఎదుట ఒక దృశ్యం కనిపిస్తుంది. బిడ్డను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రి రుసుము చెల్లించే కిటికీ వద్ద నిలబడి, జేబులోని నోట్లను ఒకటికి రెండుసార్లు లెక్కించుకుంటాడు. ఆ నోట్లలో కొన్ని జీతం నుండి మిగిల్చినవి, కొన్ని బంధువుల వద్ద చేబదులుగా తెచ్చినవి, కొన్ని ఇల్లాలి ఒంటిమీది నగ కుదువ పెట్టగా వచ్చినవి. ఆ తండ్రి మనస్సులో మెదలే ప్రశ్న ఒక్కటే: ఇంత ఖర్చు పెట్టి చదివించడం నాబోటివానికి సాధ్యమా?

ఈ ప్రశ్న నేటిది కాదు. నూట యాభై సంవత్సరాలకు పూర్వం ఇదే ప్రశ్న ఎదురైనప్పుడు తన ఇంటిని తాకట్టు పెట్టి సమాధానం చెప్పిన మహనీయుడొకరున్నారు. ఆయన అంతటితో ఆగక, ఇతరుల బిడ్డల చదువుకోసం తన శేషజీవితాన్ని కూడ తాకట్టు పెట్టారు. ఆయనే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్. అలీగఢ్ విశ్వవిద్యాలయానికి మూలపురుషుడుగా ఆయన పేరు మన విద్యార్థులందరికీ తెలిసినదే. కాని ఆయన జీవితాన్ని ఒక తండ్రి లెక్కల పుస్తకంగా చదివినవారు తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ పుటలనే తిరగవేయదలచాము.

సయ్యద్ అహ్మద్ 1817 అక్టోబరు 17వ తేదీన ఢిల్లీలో జన్మించారు. వారి కుటుంబానికి మొగలు దర్బారుతో సన్నిహిత సంబంధం ఉండేది. మాతామహులు ఖ్వాజా ఫరీదుద్దీన్ గొప్ప గణితవేత్త. మొగలు చక్రవర్తి వద్ద మంత్రిపదవి నిర్వహించినవారు. తండ్రి మీర్ ముత్తఖీ లౌకిక వ్యవహారాలయందు అంతగా ఆసక్తి లేనివారు. అందువలన బిడ్డల పెంపకభారమంతా తల్లి అజీజున్నిసా బేగం వహించింది. ఆమె కుమారుని చదువును స్వయంగా పర్యవేక్షించేది. ఇంటి ఆదాయంలో కొంత భాగాన్ని పేదలకై ముందుగానే తీసి పక్కన ఉంచడం ఆమె నియమం. చేతిలో మిగిలినది ఇవ్వడం వేరు, ఇవ్వవలసినది ముందే తీసి ఉంచడం వేరు. తల్లివద్ద నేర్చిన ఈ పాఠమే తరువాతి కాలంలో సయ్యద్ అహ్మద్ చేపట్టిన కార్యాలన్నిటికీ పునాది అయినదని మేము భావిస్తున్నాము.

1838లో తండ్రి గతించారు. దర్బారు నుండి వచ్చే భరణం చాలవరకు తగ్గిపోయింది. బంధువులు వారించినా ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, కచేరీలో చిన్న ఉద్యోగంతో జీవితం ప్రారంభించారు. 1841లో పరీక్షలో ఉత్తీర్ణులై మున్సిఫు పదవి పొందారు. కళాశాల గడప తొక్కని ఆ మనిషి తన విద్యను స్వయంకృషితో పూర్తిచేసుకున్నారు. 1847లో ఢిల్లీ నగర ప్రాచీన కట్టడాలను గూర్చి ఆసారుస్సనాదీద్ అనే ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించారు.

1857 నాటి మహా సంక్షోభం ఆయన జీవితాన్ని రెండుగా చీల్చింది. అప్పుడు ఆయన బిజ్నోరులో ఉద్యోగి. ఢిల్లీలోని ఆయన బంధువులలో పలువురు హతులైనారు. ఆకలిదప్పులకు లోనైన తల్లిని ఆయన మీరట్‌కు చేర్చగలిగినా, ఆమె ఎక్కువకాలం జీవించలేదు. సంక్షోభ సమయంలో ఆంగ్లేయ కుటుంబాలను కాపాడినందుకు ప్రతిఫలంగా ప్రభుత్వం ఒక పెద్ద తాలూకాను ఇవ్వజూపింది. అది తిరుగుబాటులో సర్వం కోల్పోయిన మరొక కుటుంబం ఆస్తి. తనవారి శిథిలాలపై తాను జమీందారుగా కూర్చోలేనని తలచి ఆయన దానిని తిరస్కరించారు. నెలకు రెండువందల రూపాయల పింఛనుతో తృప్తి చెందారు. ఆ తాలూకా స్వీకరించి ఉంటే పన్నెండేళ్ల తరువాత ఇల్లు తాకట్టు పెట్టవలసిన అవసరం ఉండేది కాదేమో! కాని అట్టి ధనంతో చదివించిన చదువు ఎట్టిది అయ్యేదో పాఠకులే ఊహించుకొనవచ్చును.

1861లో భార్య పార్సా బేగం మరణించింది. హామిద్, మహమూద్ అనే ఇద్దరు కుమారులు, అమీనా అనే కుమార్తె తల్లిలేని బిడ్డలైనారు. సయ్యద్ అహ్మద్ మరల వివాహం చేసుకొనలేదు. బిడ్డల చదువును స్వయంగా చూచుకున్నారు. ఉద్యోగరీత్యా వెళ్లిన ఊరిలోనెల్లా ఏదో ఒక విద్యాకార్యం తలపెట్టేవారు. 1859లో మొరాదాబాదులో ఒక పాఠశాల, 1864లో గాజీపూరులో మరొక పాఠశాల వెలసినవి. పాశ్చాత్య శాస్త్రగ్రంథాలను దేశభాషలోనికి అనువదింపజేయుటకు 1864లోనే సైంటిఫిక్ సొసైటీ స్థాపితమైనది.

ఆయన కాశీలో పనిచేస్తున్న రోజులలో ప్రభుత్వం ఇంగ్లండులో చదువదలచిన భారతీయ విద్యార్థులకు ఉపకారవేతనాలు ప్రకటించింది. రెండవ కుమారుడు మహమూద్ దానికి ఎన్నికైనాడు. ఇంటిల్లిపాది సంతోషించదగిన సమయమది. కాని ఉపకారవేతనం విద్యార్థి ఒక్కనికే. అటువంటి చదువు ఎట్లా సాగుతుందో, ఆ విశ్వవిద్యాలయాలు ఎట్లా నడుస్తాయో కళ్లారా చూచి రావాలని తండ్రి సంకల్పం. పెద్ద కుమారుడు హామిద్‌ను కూడ వెంట తీసుకొనిపోవాలి. ఉద్యోగానికి సెలవు పెడితే రాబడి తగ్గుతుంది. ఖర్చు చూస్తే సముద్రమంత. అప్పుడాయన వయస్సు యాభైరెండుకు చేరువలో ఉన్నది. ఆ వయస్సులో సామాన్యంగా మనుష్యులు కట్టిన ఇంటిని కాపాడుకొనే చింతలో ఉంటారు. సయ్యద్ అహ్మద్ ఆ ఇంటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. ప్రాణప్రదంగా కూర్చుకున్న గ్రంథాలను అమ్మివేశారు. 1869 ఏప్రిల్‌లో బొంబాయిలో ఓడ ఎక్కి మే నెలలో లండన్ చేరుకున్నారు.

ఈ ఘట్టాన్ని మేము కొంత నిదానంగా పరిశీలింపగోరుతున్నాము. అప్పు చేయడమే గొప్ప అని చెప్పడం మా ఉద్దేశం కాదు. పెండ్లిపందిళ్లకు, విందులకు, పరువు నిలుపుకొనే ఆడంబరాలకు ఆనాటి గొప్పయిండ్లవారు ఆస్తులు తెగనమ్మడం సర్వసామాన్యం. అట్టి ఇండ్లలో చదువుకై నాణెం తీయవలసివచ్చినప్పుడు మాత్రం చేయి వెనుకకు పోయేది. సయ్యద్ అహ్మద్ చేసిన వ్యయంలో ఒక లెక్క ఉన్నది. ఉపకారవేతనం ఎంతవరకు ఆదుకుంటుంది, మిగిలిన లోటు ఎక్కడినుండి పూడ్చాలి, దేనిని అమ్మవచ్చును, దేనిని కుదువ పెట్టవచ్చును అన్న విచారణ ఉన్నది. బిడ్డ చదువు ఒక్క రుసుముతో ముగిసేది కాదని, ప్రయాణం, బస, పుస్తకాలు, ఊహింపరాని ఖర్చులు అన్నీ కలిపి చూచుకోవాలని ఆ అనుభవం మనకు బోధిస్తుంది.

లండన్‌లోని మెక్లెన్‌బర్గ్ స్క్వేర్‌లో బసచేసి ఆయన దాదాపు పదునేడు నెలలు గడిపారు. సర్ విలియం మ్యూర్ ప్రవక్త జీవితాన్ని గూర్చి వ్రాసిన గ్రంథానికి సమాధానంగా ఒక గ్రంథం రచించి 1870లో అక్కడనే అచ్చువేయించారు. ముద్రణవ్యయానికై మరల అప్పులు తప్పలేదు. మిత్రుడు సయ్యద్ మెహదీ అలీకి ఉత్తరాలు వ్రాసి, ఇంటి సామాను అమ్మి అయినా సొమ్ము పంపవలసినదిగా కోరారు. ఒకవైపు ఈ ఇబ్బందులు పడుతూనే మరొకవైపు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాన్ని సందర్శించి, గురుశిష్యులు ఒకే ఆవరణలో కలిసి జీవించే పద్ధతిని శ్రద్ధగా గమనించారు. మహమూద్ కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కళాశాలలో చదివి, లింకన్స్ ఇన్‌లో న్యాయవాద పట్టా పొందాడు.

తన కుమారునికి లభించిన అవకాశం ఎందరికి లభిస్తుంది? ఎందరు తండ్రులు ఇల్లు తాకట్టు పెట్టగలరు? తాకట్టు పెట్టడానికి ఎందరికి ఇల్లున్నది? ఇంగ్లండు నుండి తిరిగివస్తూ సయ్యద్ అహ్మద్ వెంట తెచ్చుకున్న ప్రశ్న ఇది. ఒక్కొక్క కుటుంబం విడివిడిగా మోయలేని బరువును పదిమంది కలిసి మోయవచ్చునన్నది ఆయన కనుగొన్న సమాధానం. బిడ్డలు ఇంగ్లండు పోలేకపోతే ఇంగ్లండు విద్యనే వారి ముంగిటికి తేవాలి.

1870 డిసెంబరులో తహజీబుల్ అఖ్లాఖ్ పత్రిక ప్రారంభమైనది. దురాచారాలను, దుబారా ఖర్చులను ఆ పత్రిక నిర్మొహమాటంగా విమర్శించింది. ఆ దినాలలోనే కాశీలో ఒక సంఘం ఏర్పడి, ముస్లిములు ప్రభుత్వ పాఠశాలలకు ఎందుకు రావడంలేదన్న విషయమై వ్యాసాలు ఆహ్వానించి బహుమతులిచ్చింది. రోగం తెలియకుండా మందు వేయరాదన్న వివేకం ఇందులో కనిపిస్తుంది. 1872లో కళాశాల నిధికై ప్రత్యేక సంఘం వెలసింది. కేంబ్రిడ్జి నుండి తిరిగి వచ్చిన మహమూద్ 1873లో కళాశాల ప్రణాళికను సిద్ధంచేసి ఆ సంఘానికి సమర్పించాడు. తండ్రి తన చదువుకై చేసిన వ్యయానికి కుమారుడు చెల్లించిన మొదటి వాయిదా అది. 1875 మే 24న అలీగఢ్‌లో పాఠశాల ప్రారంభమైనది. 1876లో సయ్యద్ అహ్మద్ ఉద్యోగవిరమణ చేసి అలీగఢ్‌లో స్థిరపడ్డారు. 1877 జనవరి 8న లార్డ్ లిట్టన్ కళాశాలకు శంకుస్థాపన చేశాడు.

శంకుస్థాపన ఒక్కరోజు పని. సొమ్ము సమకూర్చడం ఇరువది సంవత్సరాల పని. చందాకై ఆయన చేయని ప్రయత్నం లేదు. చందాదారుల పేర్లు ప్రహరీగోడ రాళ్లపై, వసతిగృహం గదులపై చెక్కించారు. ఎవరైనా తమ గౌరవార్థం విందు చేయదలచితే, ఆ విందుకయ్యే సొమ్ము కళాశాలకు ఇవ్వవలసినదిగా కోరేవారు. లాటరీ నడిపారు, అది తగదని ఆక్షేపించినవారున్నా వెనుదీయలేదు. అలీగఢ్ ప్రదర్శనలో పుస్తకాల దుకాణం పెట్టి స్వయంగా అమ్మారు. పేద విద్యార్థుల ఉపకారవేతనాల కొరకు, తెల్లని గడ్డంతో, వృద్ధాప్యంలో రంగస్థలమెక్కారు. గొప్ప వంశంలో పుట్టి, ప్రభుత్వ సన్మానాలు పొందిన మనిషి ప్రేక్షకుల ఎదుట అట్లా నిలబడటం ఆ కాలానికి ఎంత తలవంపుగా తోచి ఉంటుందో మనం ఊహింపగలం. తన పరువుకన్నా ఒక పేద బాలుని నెలసరి ఖర్చు పెద్దదని ఆయన నిర్ణయించుకున్నారు.

ఈ యజ్ఞంలో అన్ని మతాలవారూ చేయి కలిపారు. రాజా జైకిషన్ దాస్ ఆయనకు ఆప్తమిత్రులు. పటియాలా మహారాజావారు, మన తెలుగు గడ్డకు చెందిన విజయనగరం మహారాజావారు చందాలిచ్చిన దాతలలో ఉన్నారు. హైదరాబాదు నుండి మొదటి సాలార్ జంగ్ సహాయం అందించారు. నిజాం ప్రభుత్వం క్రమం తప్పక నిధులు సమకూర్చింది. 1891లో సర్ సయ్యద్ స్వయంగా హైదరాబాదు వచ్చిన పిమ్మట ఆ సహాయం పెరిగింది. లండన్ రోజులలో ఆయన ఉత్తరాలందుకున్న మెహదీ అలీ అప్పటికి హైదరాబాదులో ఉన్నతోద్యోగి; నవాబ్ మొహ్సినుల్ ముల్క్‌గా ప్రసిద్ధుడు. కళాశాల తలుపులు కూడ అందరికీ తెరచి ఉంచబడినవి. అక్కడినుండి మొట్టమొదట పట్టభద్రుడైన విద్యార్థి ఈశ్వరీ ప్రసాద్ అన్న విషయం ఇక్కడ స్మరింపదగినది.

సర్ సయ్యద్ పద్ధతిలో మనం గమనింపవలసిన అంశం మరొకటి. చదువు పూర్తిగా ఉచితం కావాలని ఆయన తలచలేదు. శక్తిగలవాడు తన బిడ్డ చదువుకు తానే చెల్లించాలి; శక్తి చాలనివానికి సంఘం తోడుపడాలి. వసతిగృహంలో కలవారికి పక్కా గదులు, కొద్దివారికి తక్కువ వ్యయంతో కచ్చా గదులు ఏర్పడినవి. 1883లో, ఇంగ్లండు వెళ్లి సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే యువకులకు తోడ్పడుటకై ఒక నిధిసంఘం స్థాపించారు. 1886లో విద్యా మహాసభ ప్రారంభించి ఊరూర విద్యావిషయం చర్చకు వచ్చేటట్లు చేశారు. 1890లో విద్యార్థులే స్వయంగా, సాహెబ్‌జాదా ఆఫ్తాబ్ అహ్మద్ ఖాన్ ప్రోత్సాహంతో, డ్యూటీ సొసైటీ అనే సంఘాన్ని నెలకొల్పుకున్నారు. సెలవులలో ఊళ్లకు వెళ్లినప్పుడు ఇంటింటికీ తిరిగి, తమతో చదివే బీద విద్యార్థుల కొరకు చందాలు పోగుచేసేవారు. పుచ్చుకొనేవాడే ఇచ్చేవాడుగా మారిన ఆ క్షణమే కళాశాల నిజంగా నిలదొక్కుకున్న క్షణమని మా అభిప్రాయం.

మహనీయుల జీవితం చెప్పేటప్పుడు లోపాలను దాచడం వారికి గౌరవం కాదు. సర్ సయ్యద్ దృష్టి ప్రధానంగా మర్యాదస్థుల కుటుంబాలపైననే నిలిచినది. కూలినాలి చేసుకొనే బడుగువారి బిడ్డలు ఆనాటి అలీగఢ్‌కు రావడం అరుదు. 1884లో పంజాబు పర్యటనలో గురుదాస్‌పూరు స్త్రీలు ఆయనకు స్వాగతపత్రం సమర్పించినప్పుడు, ముందు పురుషులు చదువుకోవాలని, వారి ద్వారా చదువు స్త్రీలకు చేరుతుందని అభిప్రాయపడ్డారు. తల్లి ఒడిలో విద్య నేర్చిన మనిషి ఇట్లా తలచడం మాకు వింతగానే తోస్తుంది. ఆ లోటును తరువాత అలీగఢ్ విద్యార్థియే అయిన షేక్ అబ్దుల్లా పూడ్చారు. 1906లో ఆయన, ఆయన భార్య అలీగఢ్‌లో బాలికల పాఠశాల స్థాపించారు.

మరొక దెబ్బ లెక్కల రూపంలో తగిలింది. 1895లో కళాశాల కార్యాలయపు గుమస్తా ఒకడు లక్ష రూపాయలకు మించిన సొమ్ము అపహరించినట్లు బయటపడినది. గోడకు ఒక్కొక్క రాయిగా కూర్చిన సొమ్ము అది. నమ్మకంతో వదలివేసిన ఖాతాలు ఎంత ప్రమాదమో ఆ వృద్ధునికి చాల ఆలస్యంగా తెలిసింది. ఆ దిగులు ఆయనను చివరివరకు వీడలేదు.

ఇంటిలో కూడ శాంతి లేదు. మహమూద్ అలాహాబాదు ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తియై, గొప్ప న్యాయకోవిదుడుగా కీర్తి గడించాడు. కాని 1893లో పదవి విడిచాడు. పానదోషం ఆ మేధావిని క్రుంగదీసింది. 1894లో పెద్ద కుమారుడు హామిద్ మరణించాడు. చివరి దినాలలో సర్ సయ్యద్ తన ఇల్లు విడిచి మిత్రుని ఇంట తలదాచుకొనవలసి వచ్చింది. 1898 మార్చి 27న అక్కడనే కన్నుమూశారు. అంత్యక్రియల ఖర్చు కూడ మిత్రులే భరించారని చెప్పుకొంటారు.

ఇంత త్యాగం చేసి చదివించిన కుమారుని విషయంలో ఆ తండ్రి నష్టపోయినట్లేనా? తన పుస్తకాలు, తన ఇల్లు వృథా అయినవా? ఈ ప్రశ్నకు సమాధానం మన హైదరాబాదులోనే దొరుకుతుంది. మహమూద్ కుమారుడు రాస్ మసూద్ 1889లో పుట్టాడు. ఆ మనుమని బిస్మిల్లా వేడుకను ఆడంబరంగా జరుపక, అందుకయ్యే సొమ్మును తాత కళాశాలకే సమర్పించారు. ఆ వేడుకలో బాలుని ఒడిలో కూర్చుండబెట్టుకున్నవారు రాజా జైకిషన్ దాస్. 1903లో మహమూద్ మరణించగా, అలీగఢ్ కళాశాల ప్రధానాచార్యులైన థియోడర్ మోరిసన్ ఆ బాలునికి సంరక్షకులైనారు. మసూద్ ఆక్స్‌ఫర్డులో చదివాడు. 1916లో హైదరాబాదు సంస్థానపు విద్యాశాఖ సంచాలకుడుగా వచ్చి 1928 వరకు ఆ పదవి నిర్వహించాడు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం రూపుదిద్దుకొనుటలో ఆయన కృషి ముఖ్యమైనది. పిమ్మట అలీగఢ్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడైనాడు. 1869లో ఢిల్లీవారి ఇల్లొకటి తాకట్టు పడింది. అరవై ఏండ్లలోపల దాని ఫలితం మూసీతీరాన వేలాది బిడ్డలకు అందింది. చదువుపై పెట్టిన సొమ్ము ఏ చేతికి, ఏ తరంలో తిరిగి వస్తుందో పెట్టినవానికి తెలియదు. తెలియకుండానే పెట్టడమే తండ్రి గొప్పతనం.

విద్యార్థి మిత్రులకు మేము మనవి చేసేది ఇంతే. మీ రుసుము రశీదు చిన్న కాగితం కావచ్చును. దాని వెనుక మీ ఇంటిలో అమ్ముడుపోయిన వస్తువేదో ఉండవచ్చును. దానిని ఒకసారి అడిగి తెలుసుకొనండి. ఉపకారవేతనం దరఖాస్తు గడువు దాటనీయకండి. ఏడాదికి కావలసిన మొత్తం ఎంతో తల్లిదండ్రులతో కూర్చుని ముందే లెక్కవేయండి. తల్లిదండ్రులకు మా విన్నపం: బిడ్డ పుట్టిననాడే పెండ్లిఖర్చు ఆలోచించే మనం, చదువుఖర్చును కూడ ఆనాడే ఆలోచింపవలెను, కుమార్తె విషయంలో మరింత శ్రద్ధతో ఆలోచింపవలెను. ఇక కళాశాల పాలకవర్గం వారికి సవినయంగా ఒక సూచన. డ్యూటీ సొసైటీ వంటి చిన్న నిధిని మన కళాశాలలో కూడ ఏర్పాటు చేయవచ్చును. పూర్వవిద్యార్థులు తమ మొదటి జీతం నుండి కొంత ఇవ్వవచ్చును. సహాయం పొందినవారు ఉద్యోగం దొరికిన పిమ్మట తిరిగి చెల్లించవచ్చును. ఆ ఖాతాను ప్రతి సంవత్సరం తనిఖీ చేయించి, వార్షికోత్సవ సభలో అందరి ఎదుట చదివి వినిపించాలి. 1895 నాటి పాఠం మరువరానిది.

అలీగఢ్ కళాశాల ఆవరణలో, మసీదు ప్రక్కన సర్ సయ్యద్ సమాధి ఉన్నది. తనదంటూ ఇల్లు మిగుల్చుకోని ఆ మనిషి, వేలాది విద్యార్థులకు ఇల్లయిన చోట విశ్రమిస్తున్నారు.